గర్భం వచ్చాక ఇన్సూరెన్స్ తీసుకుంటే అమెరికాలో కాన్పు ఖర్చు కవర్ అవుతుందా?

అవుతుంది, అందరూ ఒబామాకేర్ అనే 2010 నాటి చట్టం వల్ల, కడుపుతో ఉన్నారని కంపెనీ పాలసీ నిరాకరించడానికి గానీ ప్రీమియం పెంచడానికి గానీ వీల్లేదు. అంతకుముందు సొంతంగా కొనుక్కునే పాలసీల్లో గర్భాన్ని ‘ముందే ఉన్న జబ్బు’ కింద జమకట్టేవారు (జబ్బట!). చాలా పాలసీల్లో అసలు కాన్పు కవరేజీయే ఉండేది కాదు. 2014 నుంచి సొంతంగా కొనుక్కునే కొత్త పాలసీలన్నిటిలో ప్రసూతి, పసిబిడ్డ వైద్యం తప్పనిసరి.

ఉదాహరణకు, మూడో నెలలో ఉన్నావిడ ఏటా అందరూ చేరే గడువు నడిచే నవంబరులో మార్కెట్‌ప్లేస్‌లో (ఈ చట్టం కింద పాలసీలు అమ్మే ప్రభుత్వ వెబ్‌సైట్) ప్లాన్ ఎంచుకుంటే జనవరి 1 నుంచి కవరేజీ మొదలవుతుంది. మే చివర్లోనో జూన్‌లోనో వచ్చే కాన్పు దాని కిందికే వస్తుంది. డిడక్టిబుల్ (కంపెనీ చెల్లించడం మొదలుపెట్టే ముందు మనం భరించాల్సిన మొత్తం) మాత్రం మన జేబులోంచే.

చాలామంది పొరబడేది ఇక్కడే: గర్భం వస్తే ఆ వార్షిక గడువుతో పనిలేకుండా ఎప్పుడైనా ప్లాన్‌లో చేరొచ్చనుకుంటారు. చాలా రాష్ట్రాల్లో అలా కుదరదు. బిడ్డ పుట్టాకే చేరడానికి 60 రోజుల ప్రత్యేక గడువు దొరుకుతుంది. అప్పుడు కవరేజీని పుట్టిన రోజు నుంచే లెక్కిస్తారు. ఆదాయం తక్కువై మెడికెయిడ్‌కు (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) అర్హత ఉంటే ఏడాదిలో ఎప్పుడైనా చేరొచ్చు. అమెరికా చూడ్డానికి వచ్చేవాళ్లు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్‌కు ఈ నియమాలేవీ వర్తించవు.