కుక్కకు తరచూ విరేచనాలు అవుతుంటే ఆహారం మార్చాలా?

మీ కుక్కకు రెండేళ్లనీ, చురుకుగానే ఉంటుందనీ, అయినా మూడు నాలుగు వారాలకొకసారి విరేచనం పల్చబడుతోందనీ, అలా జరిగినప్పుడల్లా ఆహారం మారుస్తున్నా గుణం నిలవడం లేదనీ రాశారు. కుక్క మాంసాహారి కాబట్టి ధాన్యాలు పూర్తిగా మాన్పించి పచ్చిమాంసం మాత్రమే పెట్టమని మిత్రులొకరు చెప్పారనీ, అది మంచిదేనా అనీ అడిగారు. నేను పశువైద్యుణ్ణి కాను. కానీ మా కుక్క మల్లితో దాదాపు ఏడాదిన్నర పాటు అచ్చం ఇదే బాధ పడ్డాను కనుక, ఆ అనుభవంలో తెలుసుకున్నది చెబుతాను. ముందుగా నా మనవి ఒక్కటే: దయచేసి ఇప్పట్లో ఆహారం మళ్లీ మార్చకండి.

మేము చేసిన తప్పు అదే. విరేచనం పల్చబడిన మరునాడే కొత్త రకం కుక్క ఆహారం బస్తా తెచ్చేవాళ్లం. వారం పది రోజులు బాగుండేది, తర్వాత మళ్లీ మామూలే. ఆ తప్పు కొత్త బస్తాది అనుకొని ఇంకొకటి తెచ్చేవాళ్లం. ఒకరోజు మా పశువైద్యురాలు, "ఏ ఒక్క ఆహారమైనా రెండు నెలలపాటు వరుసగా పెట్టి చూశారా?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది. కుక్క పేగుల్లోని సూక్ష్మజీవులూ, జీర్ణరసాలూ రోజూ వచ్చే ఆహారానికి అలవాటు పడి ఉంటాయి. ఒక్కసారిగా కొత్త ఆహారం వచ్చి పడితే కొంత భాగం అరగకుండానే పెద్దపేగుకు చేరి, అక్కడ నీటిని తనవైపు లాక్కుంటుంది, సూక్ష్మజీవుల వల్ల పులిసి గ్యాసు పుట్టిస్తుంది. అందువల్ల నిజంగా మార్చవలసి వచ్చినా, పాతదానిలో పావు వంతు కొత్తది కలపడంతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకొకసారి కొత్తదాని వంతు పెంచుతూ, 7 నుంచి 10 రోజుల్లో పూర్తి చేయాలి.

కుక్క శరీరంలో ఆహారం ఎలా ప్రయాణిస్తుందో తెలిస్తే చాలా విషయాలు వాటంతటవే అర్థమవుతాయి. ఎదిగిన కుక్కకు 42 పళ్లు ఉంటాయి, కానీ దాని దవడ మనలాగా పక్కలకు కదిలి నమలదు. చీల్చి, విరిచి, మింగేయడమే దాని పద్ధతి. లాలాజలం ఆహారాన్ని జారుడుగా చేయడానికే తప్ప పిండిపదార్థాన్ని అరిగించడానికి దాదాపుగా పనికిరాదు. అసలు పని జీర్ణాశయంలో మొదలవుతుంది. అది బాగా సాగే సంచి, అక్కడి ఆమ్లం చాలా తీవ్రమైనది. కొన్ని గంటలపాటు అక్కడ మెదిగిన ఆహారం కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి దిగుతుంది. క్లోమగ్రంథి నుంచి వచ్చే ఎంజైమ్‌లు, కాలేయం నుంచి వచ్చే పైత్యరసం కలిసి మాంసకృత్తులను, కొవ్వును, పిండిని విడగొట్టి రక్తంలోకి పంపేది అక్కడే. మిగిలిన పిప్పిలోంచి నీటిని పీల్చుకొని గట్టిపరచడం పెద్దపేగు పని. ఈ ప్రయాణమంతటికీ చాలా కుక్కల్లో ఇంచుమించు ఒక రోజు పడుతుంది. కాబట్టి ఈ ఉదయం మీరు చూస్తున్న మలం చాలావరకు నిన్నటి తిండిది. ఈ చిన్న లెక్కే చివరికి మాకు దారి చూపింది.

మీ మిత్రుల సలహా విషయానికి వస్తాను. తోడేలు నుంచి కుక్క వచ్చిన మాట నిజమే కానీ, మనుషుల పక్కన బతికిన వేల ఏళ్లలో దాని జీర్ణవ్యవస్థ మారింది. 2013లో నేచర్ అనే శాస్త్ర పత్రికలో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, పిండిపదార్థాన్ని అరిగించే క్లోమ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. బాగా ఉడికిన ధాన్యాన్ని ఆరోగ్యంగా ఉన్న కుక్క చక్కగా అరిగించుకుంటుంది. ఇక ఎముక లేని మాంసం ఒక్కటే పెడితే కాల్షియం చాలదు, ఎదిగే కుక్కపిల్లల్లో ఎముకలు దెబ్బతింటాయి. పచ్చిమాంసంలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు, జీర్ణాశయంలోని ఆమ్లం వాటన్నిటినీ చంపుతుందన్న హామీ లేదు. కుక్క పైకి బాగానే ఉన్నా మలం ద్వారా అవి ఇంట్లోని పసిపిల్లలకూ వృద్ధులకూ చేరే ప్రమాదం ఉంది. అందుకే నేను ఆ దారి పట్టలేదు, మిమ్మల్నీ పట్టమని చెప్పలేను.

నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్న విషయం, మలాన్ని శ్రద్ధగా చూడడం. ఎన్నో నెలలు నేను డాక్టరుకు "మోషన్స్ అవుతున్నాయి" అని మాత్రమే చెప్పాను. ఒక ఉదయం మల్లి వెంట నడుస్తూ ఆగి చూశాను. అరగంటలో ఐదుసార్లు కూర్చుంది, ప్రతిసారీ ముక్కుతూ చెంచాడంత మాత్రమే వెళ్లింది, దాని మీద పచ్చి గుడ్డు తెల్లసొనలాంటి జిగట పొర మెరుస్తోంది. ఫోటో తీసి చూపించగానే, ఇది పెద్దపేగు వాపు లక్షణమని డాక్టరు చెప్పారు. చిన్నపేగులో ఇబ్బంది ఉంటే రోజుకు కొద్దిసార్లే అయినా ప్రతిసారీ ఎక్కువ మొత్తంలో వెళ్తుందనీ, అది చాలాకాలం సాగితే కుక్క బరువు తగ్గుతుందనీ వివరించారు. వెతకవలసిన కారణాలూ, చేయవలసిన పరీక్షలూ ఈ తేడాను బట్టి మారుతాయి. కాబట్టి ఎన్నిసార్లు, ఎంత, జిగట ఉందా, రక్తం ఉందా, ముక్కుతోందా అన్న ఈ ఐదు సంగతులూ రాసి తీసుకెళ్లండి. తాజా మలాన్ని శుభ్రమైన డబ్బాలో వెంట తీసుకెళ్తే పురుగుల గుడ్లు, జియార్డియా అనే పేగు పరాన్నజీవి వంటివి ఉన్నాయేమో పరీక్షిస్తారు. మల్లికి పరీక్షలో ఏమీ కనిపించలేదు. క్రమం తప్పకుండా పురుగుల మందు వేయిస్తున్నా, ఆ పరీక్ష చేయించడం మంచిదే.

ఆ తర్వాత డాక్టరు ఒక నోట్‌బుక్ పెట్టమన్నారు. ఆహారం మార్చకుండా, రోజూ దాని నోట్లోకి వెళ్లినదంతా ఒక వైపు, బయటికి వచ్చినది మరో వైపు రాశాను. రెండో నెల ముగిసేసరికి విషయం కళ్లకు కట్టింది. విరేచనం పల్చబడిన ప్రతిసారీ అంతకు ముందురోజు మా నాన్నగారు మా ఇంట్లో ఉన్నారు. ఆయన నెలకొకసారి వచ్చి రెండు రోజులు ఉంటారు, మల్లి అంటే ప్రాణం. భోజనం చేస్తూ తన కంచంలోని మాంసం కొవ్వు ముక్కలు ఏరి దానికి పెట్టేవారు. ప్రేమతో చేసిన పనే కనుక ఎవరికీ అనుమానం రాలేదు. అలవాటు లేని కొవ్వు ఒక్కసారిగా పడితే కొన్ని కుక్కల్లో క్లోమగ్రంథి వాచి ప్రాణం మీదికి రావచ్చని డాక్టరు చెప్పినప్పుడు నాన్నగారు చాలా బాధపడ్డారు. ఇప్పుడు మల్లి రోజువారీ ఆహారంలోంచే గుప్పెడు గింజలు తీసి చిన్న డబ్బాలో ఆయనకు ఇస్తాం. ఒక్కొక్కటిగా ఆయన చేతిలోంచి తింటూ అది అంతే సంబరపడుతుంది. చిరుతిళ్లు రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదన్న నియమం కూడా అప్పటి నుంచే పాటిస్తున్నాం.

మల్లి కొన్నాళ్లు తెల్లవారుజామున పసుపు నురగ కక్కేది. రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపులోకి పైత్యరసం ఎగదన్నడం వల్ల అలా జరుగుతుందని తెలిసి, దాని రోజు కోటాలోంచే కొంచెం తీసి పడుకునే ముందు పెట్టడం మొదలుపెట్టాక ఆగిపోయింది.

విరేచనం పల్చబడిన రోజున నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. కుక్క హుషారుగా ఉంటే ఉప్పు, నూనె, మసాలా లేకుండా ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు రెండు మూడు రోజులు పెట్టి, క్రమంగా మామూలు ఆహారానికి తిరిగి రావచ్చు. కుక్కపిల్లలను మాత్రం పస్తు ఉంచకూడదు. మనుషుల మాత్రలు సొంతంగా వేయవద్దు, పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ కుక్కలకు విషంతో సమానం. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, చక్కెరకు బదులు వాడే జైలిటాల్ కలిసిన తీపి పదార్థాలు దాని నోటికి అందకుండా చూడండి. ఉడికించిన ఎముకలు చీలికలుగా విరిగి పేగులను గాయపరుస్తాయి కనుక అవీ వద్దు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే నోట్‌బుక్ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తారులాంటి నల్లటి మలం, ఎక్కువగా రక్తం, ఆగని వాంతులు, నీరసం అలాంటివి. పంటి చిగురును వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. ఆలస్యమైనా, చిగుళ్లు పాలిపోయి బంకగా ఉన్నా అది ప్రమాద సూచన. టీకాలు పూర్తికాని కుక్కపిల్లకు వాంతులు, రక్త విరేచనాలు మొదలైతే పార్వో అనే ప్రమాదకరమైన వైరస్ జబ్బు కావచ్చు, ఒక్క పూట కూడా ఆగకూడదు. లోతైన ఛాతీ గల పెద్ద జాతి కుక్క పొట్ట ఉబ్బి, కక్కబోయినా ఏమీ రాక, ఒకచోట నిలవలేక తిరుగుతుంటే జీర్ణాశయం మెలితిరిగి ఉండవచ్చు. అది గంటల్లో ప్రాణం తీస్తుంది.

మీ కుక్కకు ఇవేవీ లేవని మీ మాటలను బట్టి అనిపిస్తోంది. ఇప్పుడు పెడుతున్న ఆహారాన్నే కొలత ప్రకారం, వేళ తప్పకుండా పెడుతూ, రెండు నెలలు రాసి చూడండి. ఇంట్లో అందరినీ, పనికి వచ్చేవారినీ, పక్కింటి పిల్లలనూ కూడా దానికి ఏం పెట్టినా మీకు చెప్పమనండి. ఈసారి విరేచనం పల్చబడగానే అంతకు ముందు 24 గంటల పేజీ తిప్పి చూడండి.