బోరు నీళ్ళలో పెట్రోలు వాసన: తేదీ మార్చి కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. ఇంటి వెనక పెట్రోలు బంకు 2021 డిసెంబరులో మూతపడింది. 2022 జూన్ నుంచి మా బోరు నీళ్ళు పెట్రోలు కంపు. అప్పుడే పంచాయతీలో అర్జీ ఇచ్చాం, ఎవరూ పట్టించుకోలేదు. ఆ నీళ్ళకి మా అత్తగారి ఒళ్ళంతా దద్దుర్లు, ఇంట్లో రోజూ టెన్షనే. ఇప్పుడు ఆ స్థలం అమ్మేశారు, కొన్నవాళ్ళు త్వరలో ట్యాంకులు పైకి తీస్తారట. గడువు ఆరు నెలలేనని, అందుకని వాసన ఈ ఏడాదే మొదలైందని రాసి కేసు వేయమని తెలిసినాయన అంటున్నారు. వేయొచ్చా?

జవాబు: ఆ పని మాత్రం చేయకండమ్మా. మీరు పంపిన కాగితాల్లో పనికొచ్చేది రసీదు ముద్ర ఉన్న ఆ 2022 అర్జీ ఒక్కటే. దానికి విరుద్ధంగా అఫిడవిట్ వేస్తే అవతలి లాయరు పంచాయతీ నుంచి అదే అర్జీ నకలు తెచ్చి బెంచ్ ముందు పెడతాడు. అక్కడితో మీ కేసు పోతుంది, పైగా అబద్ధపు ప్రమాణం కింద మీ మీదే కేసు.

అసలు ఆ అబద్ధం అవసరమే లేదు. ఆ పెద్దమనిషి చెప్పిన ఆరు నెలలు జాతీయ హరిత ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు వినే ప్రత్యేక న్యాయస్థానం) చట్టం 14వ సెక్షన్‌లోది, అది దాటిపోయింది నిజమే. కానీ నష్టపరిహారం, పాడైన నేలనూ నీటినీ బాగుచేయించడం 15వ సెక్షన్ కిందికి వస్తాయి. దానికి గడువు ఐదేళ్ళు, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. మీ అర్జీ తేదీ నుంచి లెక్కేస్తే 2027 జూన్ దాకా ఉంది. అయితే కేసుకి కారణం మొదట ఎప్పుడు పుట్టిందో అప్పటినుంచే లెక్క కాబట్టి, లీకు బంకు నడుస్తున్నప్పుడే మొదలైందని అవతలివాళ్ళు వాదిస్తారు. బంకు మూతపడిన నాటి నుంచి లెక్కేస్తే ఐదేళ్ళు 2026 డిసెంబరుకే అయిపోతాయి, అందుకే అప్పటిదాకా కూడా ఆగొద్దు, వెంటనే చెన్నైలోని ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచ్‌లో వేయండి. ఊళ్ళో సివిల్ కోర్టుకి వెళ్ళి లాభం లేదు, ఇలాంటి పరిహారం అక్కడ అడగకుండా 29వ సెక్షన్ అడ్డుపడుతుంది.

ఇక మీ ల్యాబ్ రిపోర్టు. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో నీళ్ళు పట్టి, రెండ్రోజులు ఇంట్లో పెట్టి, పీహెచ్, టీడీఎస్, ఫ్లోరైడ్ చూసే మామూలు ప్యాకేజీకి ఇచ్చారు. కింద 'తాగడానికి యోగ్యం' అని రాసిచ్చారు, చూసుకున్నారా? ఇది మీకు సాక్ష్యం కాదు, వాళ్ళకి! పెట్రోలులోని బెంజీన్ మూత తీస్తే గాల్లో కలిసిపోతుంది. నమూనాని చిన్న గాజు సీసాలో, గాలి బుడగ కూడా మిగలకుండా అంచుదాకా నింపి, ఐస్ పెట్టెలో పంపాలి. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో బెంజీన్, టోలుయీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్ పరీక్షలని పేర్లు రాసి మరీ అడగండి. తాగునీటిలో బెంజీన్ లీటరుకి 0.01 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. అంతకన్నా మంచిది, కాలుష్య నియంత్రణ మండలి గుంటూరు ప్రాంతీయ కార్యాలయానికి రాసి, వాళ్ళ చేతే నమూనా తీయించడం.

అత్తగారి దద్దుర్లకి ఆ నీళ్ళే కారణమని డాక్టరు రాసిచ్చిన కాగితం లేకపోతే దాన్ని కేసుకి మూలం చేయకండి. నీళ్ళు, నేల, కొత్త నీటి వసతి ఖర్చు, ఇవి అడగండి. కోపంలో కోటి రూపాయలు అడిగితే ఫీజు ఒక శాతం, అంటే లక్ష కట్టాలి, అది కూడా గుర్తుంచుకోండి.

ట్యాంకులు పైకి వచ్చి గుంత పూడ్చేశారంటే లీకు ఎక్కడిదో చూపించడం చాలా కష్టం. కాబట్టి ఆయిల్ కంపెనీని, డీలరుని, కొత్త యజమానిని ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చి, మండలి సిబ్బంది ఎదుట తప్ప ట్యాంకులు తీయకూడదని, తీసేటప్పుడు అడుగు మట్టి నమూనా తీసుకోవాలని మధ్యంతర ఉత్తర్వు అడగండి. బంకు లైసెన్సు ఫైలు, ట్యాంకుల ప్లాను కోసం పెసోకి (పెట్రోలు నిల్వకి లైసెన్సులిచ్చే కేంద్ర సంస్థ) ఆర్టీఐ పెట్టండి. కంపెనీ ప్రభుత్వ రంగానిదైతే దానికీ ఒకటి పెట్టి, రోజువారీ డిప్ రీడింగులు అడగండి. కొలకర్రతో చూసిన స్టాకుకీ అమ్మిన లీటర్లకీ పొంతన లేకుంటే ఆ తేడా ఎటు పోయిందో వాళ్ళే చెప్పాలి.

ఈలోగా ఆ బోరు నీళ్ళు తాగొద్దు, వంటకీ స్నానానికీ వాడొద్దు. అలాగని బోరు పూడ్పించకండి, ఇంకా లోతుకి వేయించకండి, మండలివాళ్ళు వచ్చి నమూనా తీసేదాకా మోటారు కూడా ఉన్నదున్నట్టు ఉంచండి.