పోర్ట్రెయిట్‌లో పోలిక వచ్చింది, మనిషి రాలేదు: ఎక్కడ తప్పుతోంది?

కుట్టుపని చేసే ఒకావిడ బొమ్మ ఆయిల్ రంగుల్లో వేశానని మీరన్నారు. ముక్కూ కళ్ళూ కుదిరినా చూసినవాళ్ళు "ఎవరో పెద్దింటావిడలా ఉంది" అంటున్నారు, నల్లటి ఒంటిరంగేమో బూడిద తిరిగింది. నా దృష్టిలో ఇవి రెండూ ఒకే తప్పు. మనకు తెలియకుండానే ఆమెను తెల్లగా, సున్నితంగా మార్చేస్తున్నాం.

బూడిద తిరిగిందంటే వెలుగుకు తెలుపు, నీడకు నలుపు కలిపి ఉంటారు. టైటానియం వైట్ అనే ట్యూబు తెలుపు గోధుమ ఛాయల్లోని వెచ్చదనాన్ని తినేస్తుంది. నలుపు నీడను మసి చేస్తుంది, కాబట్టి ఆ ట్యూబు పక్కన పెట్టేయండి. నడిమి ఛాయకు బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) మూడు పాళ్ళు, యెల్లో ఓకర్ (మట్టి పసుపు) ఒక పాలు, అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం) అర పాలుతో మొదలెట్టి, ఎదురుగా ఉన్న మనిషిని చూసి సరిచేసుకోండి. నీడకు సియెన్నా, అల్ట్రామెరీన్ దాదాపు సమానంగా కలిపి, చిటికెడు అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు) వేయండి. వెలుగు వైపు వెళ్ళేటప్పుడు ముందు ఓకర్, తర్వాత కాడ్మియం ఆరెంజ్ వాడండి. తెలుపు అన్నిటికంటే చివర, గోరంతే. నుదురు, చెంప ఎముక, ముక్కు కొన మీది మెరుపుది చర్మం రంగు కాదు, కిటికీ వెలుగుది. ఆకాశం వైపు కిటికీ అయితే ఆ మెరుపు నీలంగా ఉంటుంది. నల్లటి ముఖానికి రూపాన్నిచ్చేవి ఆ మెరుపులే. పులిమేస్తే ముఖం చదునైపోతుంది.

తెల్ల కాన్వాస్ మీద నేరుగా వేయకండి. తెలుపు పక్కన ఏ ఛాయైనా ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది, దాంతో భయపడి రంగు లేతగా వేసేస్తాం. రా అంబర్ అనే గోధుమ రంగును టర్పెంటైన్‌తో పలచగా పూసి, ఆరాక మొదలెట్టండి. ఫోటో చూసి వేసేటట్లయితే ఫోన్‌లో బ్యూటీ ఫిల్టర్ ఆపేసి, ఆరేడు అడుగుల దూరం నుంచి తీయండి. మరీ దగ్గరైతే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి.

మీరు నిలబడి వేస్తూ ఆమెను కింద కూర్చోబెడితే బొమ్మలో ఆమె చిన్నబోతుంది. అడుగున్నర ఎత్తు చెక్కబల్ల మీద కుర్చీ వేసి, ఆమె కళ్ళు మీ కళ్ళకు సమానంగా వచ్చేలా చూడండి. లేచి వచ్చాక మళ్ళీ అలాగే కూర్చునేలా కుర్చీ కాళ్ళ దగ్గర, పాదాల దగ్గర టేపు అంటించి, 20 నిమిషాలకోసారి ఐదు నిమిషాలు విరామం ఇవ్వండి.

చేతులు దాచకండి. అరచెయ్యి వేళ్ళతో కలిపి గడ్డం నుంచి నుదుటి జుట్టు మొదలు దాకా ఉంటుంది, చాలామంది అంతకంటే చిన్నగా వేస్తారు. కుట్టుపని తెలియాలని కత్తెర తెచ్చి ఒళ్ళో పెట్టడం కంటే, ఏళ్ళ తరబడి సూది పట్టిన బొటనవేలి గట్టిదనం చూసి వేయడం మేలు.

స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1650లో రోమ్‌లో వేసిన హువాన్ దె పరేహా చిత్రం ఒకసారి నిదానంగా చూడండి. పరేహా అప్పటికి వెలాస్కెజ్ దగ్గర బానిస, తనూ చిత్రకారుడే. బొమ్మలో బానిసత్వపు గుర్తు ఒక్కటీ లేదు: నిటారు మెడ, తెల్లని లేసు కాలరు, సూటి చూపు, వెనక దాదాపు ఖాళీ గోడ. అదే ఏడాది అతని విముక్తి పత్రం రాశారు.

ఏ బట్టలో కూర్చోవాలో ఆవిడనే ఎంచుకోమనండి. రంగు పడకముందే, బొగ్గుతో గీసిన దశలోనే ఆమెకు చూపించండి. మచ్చ తీసేయమంటే తీసేయండి, కానీ ఆమె అడగకుండా మాత్రం తీయకండి.