దీవికి బయలుదేరే ముందు

చిన్నీ,

టికెట్లు తీసుకున్నామని నువ్వు చెప్పగానే సంతోషించాను. రాత్రి పడుకున్నాక మాత్రం మీ పెదనాన్నా నేనూ మొదటిసారి దీవికి వెళ్లినప్పుడు చేసిన తెలివితక్కువ పనులన్నీ వరసగా గుర్తొచ్చాయి. మళ్లీ మీరూ అవే చేయకుండా రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు, ముఖ్యంగా మీసం సంగతి.

ముందు సామాను. ఆయన బట్టలు ఒక పెట్టెలో, నావి ఇంకో పెట్టెలో సర్దాం. నా పెట్టె రాలేదు. రెండు రోజులు మీ పెదనాన్న టీషర్టుల్లో తిరిగాను. మీరు ఇద్దరి బట్టలూ రెండు పెట్టెల్లో సగం సగం పెట్టుకోండి. ఈత దుస్తులు, మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాలి. పెట్టె రాకపోతే ఎయిర్‌పోర్టు దాటకముందే కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి ఆ కాగితం తీసుకోండి. మేం గదికి వెళ్లి ఫోన్ చేద్దాంలే అనుకుని బయటికొచ్చేశాం, తర్వాత ఒక పూటంతా ఫోన్ పట్టుకునే కూర్చున్నాం. విదేశీ ప్రయాణమైతే, విమాన ప్రయాణికుల నష్టపరిహారం గురించి దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 21 రోజులు దాటినా రాని పెట్టె పోయినట్టే లెక్క, పరిహారం అడగొచ్చు. అప్పుడు ఆ కాగితమే అక్కరకొస్తుంది.

ఇక స్నార్కెలింగ్, అదే, కళ్లకు మాస్కు పెట్టుకుని, నోట్లో గొట్టంతో ఊపిరి తీస్తూ, నీళ్ల మీద తేలి అడుగున ఉన్నవి చూడటం. మాస్కు కొనేటప్పుడు పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చెయ్యి వదిలినా అంటుకుని ఉంటే అది మీకు సరిపోయినట్టే. మీ పెదనాన్నకు ఏదీ సరిపోలేదు. సిలికాన్ అంచు మీసం మీద సరిగా కూర్చోదు, ముక్కు కింద నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. ఆయన పట్టీ బిగించారు. బిగించేకొద్దీ అంచు వంకరపోయి ఇంకా ఎక్కువ కారింది. ముక్కు కింద కాస్త కత్తిరించుకుంటే సరిపోయేది. కానీ ఆ మీసం జోలికి ఎవరు వెళ్తారు?

కొత్త మాస్కు అద్దానికి లోపల కంటికి కనిపించని పొర ఉంటుంది, అందుకే ఆవిరి పడుతుంది. అద్దం లోపలివైపు మామూలు తెల్ల టూత్‌పేస్టుతో రుద్ది కడిగేయండి. నీళ్లలో దిగేముందు కాస్త ఉమ్మి రాసి తొలపండి. అసహ్యమనుకోకు, అందరూ చేసేదే.

మొదటి రోజే పడవెక్కి లోతుకు వెళ్లొద్దు. నడుము లోతు నీళ్లలో నిలబడి, తల ముంచి, నెమ్మదిగా నిండుగా ఊపిరి తీయడం అలవాటు చేసుకోండి. భయంతో గబగబా చిన్న చిన్న ఊపిరులు తీస్తే, గొట్టంలో మిగిలిన వాడేసిన గాలే మళ్లీ లోపలికి పోతుంది. దాంతో ఆయాసం వస్తుంది, దాని వెనకే కంగారు.

నేను మొదటిసారి తల ముంచినప్పుడు కనిపించినదానికన్నా వినిపించినది ఎక్కువ గుర్తుంది. చెవులు మునగగానే ఏదో వేగుతున్నట్టు చిటపట. అది చిన్న రొయ్యల చప్పుడట. పక్కనే ఒక చిలకచేప పగడపు రాతిని కరకరా గీకుతోంది. కాసేపటికి దాని వెనక నుంచి తెల్లటి ఇసుక పొగలా రాలింది. ఆ చేప వెనకాలే పోయాను. పట్టుకుందామన్నంత దగ్గరగా ఉంది మరి. నీళ్లలో ఏదైనా ఉన్నదానికన్నా పావు వంతు దగ్గరగా, ఇంకా పెద్దగా కనిపిస్తుంది. తల ఎత్తేసరికి పడవ ఎక్కడో ఉంది, ఆయన కనిపించలేదు.

మీ పెదనాన్న అప్పటికే రెండుసార్లు ఉప్పునీళ్లు మింగి, పడవ తాడు పట్టుకుని దగ్గుతున్నారు. అంతకు పావుగంట ముందు "బాగానే ఉందా?" అని అడిగితే "బ్రహ్మాండం" అన్నారు. నా సరదా పాడవుతుందని చెప్పలేదట. ఆ రోజు ఆయన మీద వచ్చినంత కోపం నాకు మళ్లీ రాలేదు.

అందుకే ఒడ్డు మీదే ఒక మాట అనుకోండి. ఇద్దరిలో ఎవరు చెయ్యి పైకెత్తినా ఇద్దరూ వెనక్కి రావాలి, ఎందుకని అడగకూడదు. రెండు నిమిషాలకోసారి తల ఎత్తి ఒకరినొకరు చూసుకోండి. ముందు ప్రవాహానికి ఎదురుగా ఈదండి, అలసిపోయాక తిరుగుదారి తేలికవుతుంది. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహంలో పడితే దానితో పోరాడకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈదుతూ పక్కకు తప్పుకోండి. పగడాల మీద నిలబడొద్దు. అవి రాళ్లలా కనిపించే ప్రాణులు. పైగా అవి గీసిన గాయం త్వరగా మానదు, నా మోకాలే సాక్ష్యం.

వీపు, మోకాళ్ల వెనక భాగం మాడిపోతాయి. నీళ్ల చల్లదనానికి రాత్రిదాకా తెలియదు. పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి. పగడాలకు హాని అని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయిలో 2021 నుంచి ఆపేశారు, కాబట్టి కొనేముందు సీసా వెనక చదువు.

ఆఖరి రాత్రి మాత్రం చిన్న దీవిలో ఉండొద్దు. గాలి ఎక్కువై మా పడవ ఆపేశారు, విమానం మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టు ఉన్న ఊరికి ఒక రోజు ముందే చేరుకోండి.

నా పాత మాస్కు పంపుతున్నాను. అద్దం బాగుంది కానీ పట్టీ బీటలు వారింది, మార్పించు. అల్లుడికి మాత్రం కొత్తది కొనండి, మీసం చూసుకుని.

మీ పెద్దమ్మ