అడాప్టివ్ సస్పెన్షన్‌కి అదనపు డబ్బు పెట్టొచ్చా? హైదరాబాద్‌లో రెండు రకాలూ నడిపిన అనుభవంతో

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదండీ. ఎల్బీనగర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి రోజూ వెళ్లి రావాలి, అప్పుడప్పుడు శ్రీశైలం ప్రయాణం. మీకు నచ్చిన స్పోర్టీ సెడాన్ రెండు రకాలుగా దొరుకుతోంది. ఒకటి మామూలు సస్పెన్షన్, 18 అంగుళాల వీల్స్‌తో. రెండోది అడాప్టివ్ సస్పెన్షన్, 19 అంగుళాల వీల్స్‌తో, ధర బాగా ఎక్కువ. అమ్మగారికి నడుం నొప్పి, ఆవిడ వెనక సీట్లో కూర్చుంటారు. ఏది తీసుకోవాలని అడిగారు.

ముందు వీల్ సైజు తేల్చుకోండి. సస్పెన్షన్ సంగతి ఆ తర్వాత. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

నాది మామూలు స్పోర్ట్ సస్పెన్షన్ ఉన్న జర్మన్ సెడాన్. మా బావగారిది అదే మోడల్, అడాప్టివ్‌ది. ఊరికి వెళ్లేటప్పుడు ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లం కార్లు మార్చుకుంటాం. అందుకని రెండింటినీ ఇవే రోడ్ల మీద, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని నడిపాను.

షోరూంలో ఎవరూ సరిగా చెప్పని విషయం ఒకటుంది. కారు బరువు మోసేది స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ ఊగుతూ ఉండిపోకుండా పట్టి ఆపేది షాకప్. మామూలు షాకప్‌లో నూనె కదిలే దారులు ఎంత ఇరుగ్గా ఉండాలో కంపెనీవాళ్లే ఖాయం చేసేస్తారు. అడాప్టివ్‌లో ఆ దారిని కరెంటు వాల్వు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. బాడీ ఎంత కదులుతోంది, చక్రం ఎంత లేచింది అని సెన్సర్లు చెబుతుంటే కంప్యూటర్ క్షణంలో చిన్న వంతులో షాకప్‌ని గట్టిపరుస్తుంది, వదులు చేస్తుంది. ఇంకో రకంలో వాల్వు బదులు ఇనుప రేణువులు కలిపిన నూనె ఉంటుంది, అయస్కాంత శక్తి తగిలితే అది చిక్కబడుతుంది. ఈ అయస్కాంత రకం మొదట వచ్చింది 2002లో, క్యాడిలాక్ సెవిల్‌లో. ఏ రకమైనా మారేది షాకప్ బిగువు మాత్రమే. స్ప్రింగ్ మారదు, కారు ఎత్తు మారదు. ఎత్తు పెరగాలంటే ఎయిర్ సస్పెన్షన్ కావాలి, అది వేరే లెక్క.

కాబట్టి కాలనీల్లో స్పీడ్ బ్రేకర్లకి కింద తగులుతుందన్న మీ భయానికి అడాప్టివ్ మందు కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలా ఉంటే ఏ సెడానైనా మెల్లగా, హాయిగా దాటుతుంది. మన కాలనీవాళ్లు సొంతంగా పోయించుకునే బ్రేకర్లు అడుగు వెడల్పులో నిటారుగా లేస్తాయి. నలుగురు కూర్చున్నప్పుడు నా కారూ, బావగారి కారూ ఒకే చోట గీసుకుంటాయి. ఒక చక్రం తర్వాత ఒకటి ఎక్కేలా ఏటవాలుగా దాటించడం ఒక్కటే దారి.

మీ రోజువారీ రూటు సంగతికి వస్తే, ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి మెహదీపట్నంలో దిగి, షేక్‌పేట ఫ్లైఓవర్ మీదుగా వెళ్తారనుకుంటున్నాను. ఆ దారిలో రెండు రకాల దెబ్బలు తగులుతాయి, రెండింటికీ మందు వేరు.

మొదటిది పొడుగైన ఊపు. ఎక్స్‌ప్రెస్‌వే సుమారు 11.6 కిలోమీటర్లు. దాని మీద జాయింట్లు వరసగా వస్తుంటే నా కారు ముక్కు లేస్తూ పడుతూ ఉంటుంది. డ్రైవింగ్ సీట్లో పెద్దగా తెలియదు. వెనక కూర్చున్నవాళ్లకి మెడ దగ్గర తెలుస్తుంది. బావగారి కారు కంఫర్ట్ మోడ్‌లో ఇక్కడ నిజంగా వేరే తరగతి. జాయింటు దాటగానే బాడీ ఒక్కసారికే కుదురుకుంటుంది, రెండో ఊపు ఉండదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా అంతే. 120 పరిమితి ఉన్న కుడివైపు లేన్లలో వెళ్తున్నప్పుడు, వంతెన మొదలయ్యే చోట రోడ్డు కాస్త కుంగి ఉంటే, మామూలు సస్పెన్షన్ కారు ఒకసారి కిందికి వెళ్లి పైకి తేలి మళ్లీ సర్దుకుంటుంది. అడాప్టివ్ కారు అక్కడ గట్టిగా పట్టేస్తుంది. ఆ మోడల్ ధరలో తేడాకి అర్థం ఉన్నది నా దృష్టిలో ఈ ఒక్క చోటే.

రెండోది మొనదేలిన దెబ్బ. టోలీచౌకి చుట్టుపక్కల చూడండి, తారు మీద తారు వేసుకుంటూ పోయి మ్యాన్‌హోల్ మూతల్ని గుంతలో వదిలేశారు. వాన వెలిశాక తేలే గుంతల అంచులూ ఇలాంటివే. చక్రం ఆ అంచుకి కొట్టుకునే క్షణంలో ముందు పనిచేసేది టైరు. ఆ తర్వాత చక్రం బరువు, అప్పుడు షాకప్. అడాప్టివ్ ఎంత చురుగ్గా ఉన్నా దెబ్బ తగిలాకే దానికి తెలుస్తుంది. ముందున్న రోడ్డును కెమెరాతో చూసి సిద్ధమయ్యే ఏర్పాటు 2013 మెర్సిడెస్ ఎస్-క్లాస్‌తో వచ్చింది కానీ, మీరు చూస్తున్న ధరలో కార్లకి అది ఉండదు.

ఇక్కడే వీల్ సైజు లెక్క చూడాలి. 225/45 ఆర్18 అంటే టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం, రిమ్ము 18 అంగుళాలు. అంటే పక్కగోడ దాదాపు 101 మిల్లీమీటర్లు. 225/40 ఆర్19కి 90. బయటి వ్యాసం రెండింటికీ దాదాపు సమానమే, పోయేది 11 మిల్లీమీటర్ల గాలి, రబ్బరు. ఆ 11 మిల్లీమీటర్లే మ్యాన్‌హోల్ అంచుని మింగేది. బావగారి కారుకి 19 అంగుళాల వీల్స్ ఉన్నాయి. కంఫర్ట్ మోడ్‌లో పెట్టినా సరే, గుంత అంచు తగిలితే నా 18 అంగుళాల కారు కంటే గట్టిగా చప్పుడు చేస్తుంది. వానాకాలంలో ఆయన టైరు పక్కన బుగ్గ లేచింది, రిమ్ము వంగింది. అది సస్పెన్షన్ లోపం కాదు, సన్నని పక్కగోడ ఫలితం. మీకు అమ్ముతున్న ఖరీదైన వేరియంట్‌లో ఒక చేత్తో ఇచ్చిన మెత్తదనాన్ని ఇంకో చేత్తో లాగేసుకుంటున్నారు. దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లని ఇబ్బంది పెట్టేవి ఈ మొనదేలిన దెబ్బలే.

టైరు రన్‌ఫ్లాట్ అవునా కాదా కూడా అడగండి. పంక్చరైనా నడవాలని వాటి పక్కగోడలు గట్టిగా కడతారు. నా కారుకి మొదట అవే వచ్చాయి. అరిగాక మామూలు టైర్లు వేయించి, డిక్కీలో పంక్చర్ కిట్, గాలి పంపు పెట్టుకున్నాను. మా అమ్మ ఆ రోజే అడిగింది, కారుకి ఏమైనా చేయించావా అని.

శ్రీశైలం దారి. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవిలో రోడ్డు బాగానే ఉంటుంది, డ్యాం వైపు దిగే మలుపుల్లో మాత్రం అతుకులు, గతుకులు. చాలామంది అక్కడికి రాగానే స్పోర్ట్ మోడ్ నొక్కేస్తారు. నున్నటి మలుపులో అది బాగుంటుంది, కారు ఒరగదు, స్టీరింగ్ తిప్పగానే స్పందిస్తుంది. అతుకులున్న మలుపులో షాకప్ మరీ బిగుసుకుంటే చక్రం రోడ్డుని అనుసరించలేక ఎగురుతుంది, వెనక చక్రం పక్కకి జరిగినట్టు అనిపిస్తుంది. నేను ఆయన కారు నడిపితే ఇంజిన్, గేర్‌బాక్స్ స్పోర్ట్‌లో, సస్పెన్షన్ కంఫర్ట్‌లో పెడతాను. ఇలా విడివిడిగా పెట్టుకునే వీలుందో లేదో కొనేముందు చూసుకోండి. లేకపోతే ఆ బటన్‌కి ఘాట్‌లో పెద్దగా విలువ లేదు. నా మామూలు సస్పెన్షన్ కారుకి ఈ బాధ లేదు. అది మొదటి మలుపులో ఎలా ఉందో చివరి మలుపులోనూ అలాగే ఉంటుంది, చేతికి అలవాటైపోతుంది. డ్రైవింగ్ ఆనందం మాత్రమే ప్రశ్న అయితే నేను నా కారే ఎంచుకుంటాను.

మామూలు షాకప్‌లన్నీ ఒకటే అనుకోకండి. 2018లో బయటికొచ్చిన బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో కరెంటు ఏమీ లేకుండానే, షాకప్ ఎంత లోతుకి దిగితే అంత బిగుసుకునే ఏర్పాటు చేశారు. అలాంటివి చిన్న గతుకుల మీద మెత్తగా, పెద్ద గుంతలో గట్టిగా ఉంటాయి. మీ మోడల్‌కి అలాంటిది ఉంటే అడాప్టివ్‌కీ దానికీ తేడా ఇంకా తగ్గుతుంది.

ఖర్చు. వారంటీ అయిపోయాక బావగారి కారుకి వెనక ఒక షాకప్ నూనె కారింది, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వచ్చింది. ఒకటి పోతే జంటగా మార్చమన్నారు, పార్టు రావడానికి వారాలు పట్టింది, బిల్లు మామూలు షాకప్‌లకి అయ్యేదానికి కొన్ని రెట్లు. అరుగుదలకి ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు, జీరో డెప్ (పార్టుల తరుగుదల కోయకుండా ఇచ్చే పాలసీ) తీసుకున్నా అంతే. బయట దొరికే మామూలు షాకప్ బిగించేద్దామంటే కంప్యూటర్ ఊరుకోదు, ఎర్రర్ చూపిస్తూనే ఉంటుంది. నా కారుకి ఇప్పటిదాకా లింక్ రాడ్లు, కొన్ని బుష్‌లు మార్చాను, పేరున్న బయటి గ్యారేజీలోనే అయిపోయింది.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. అడాప్టివ్ వేరియంట్‌ని 18 అంగుళాల వీల్స్‌తో ఇస్తారేమో డీలర్‌ని అడుగుతాను. ముందు చక్రాల బ్రేక్ క్యాలిపర్‌కి (బ్రేక్ డిస్కుని పట్టే భాగానికి) ఆ రిమ్ము తగలకుండా సరిపోతుందని రాతపూర్వకంగా చెప్పించుకుంటాను. అది కుదిరి, ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉన్నన్నాళ్లే కారు ఉంచుకునే ఉద్దేశం ఉంటే అడాప్టివ్ తీసుకుంటాను. వెనక సీటుకి అంతకంటే మంచిది ఈ తరగతిలో దొరకదు. వీల్స్ మార్చడం కుదరదంటే, లేదా కారు ఏడెనిమిదేళ్లు ఉంచుకోవాలనుకుంటే, 18 అంగుళాల మామూలుదే తీసుకుని మిగిలిన డబ్బులో కొంత మంచి టైర్లకి పెడతాను.

టెస్ట్ డ్రైవ్‌కి వాళ్లు జూబ్లీహిల్స్‌లోనో కోకాపేటలోనో నున్నటి రోడ్డు మీద తిప్పుతారు. ఒప్పుకోకండి. టోలీచౌకి నుంచి లంగర్‌హౌస్ వైపు తీసుకెళ్లమనండి. బయల్దేరే ముందు టైరు గాలి చూడండి. రవాణా కోసం ఎక్కువ కొట్టిన గాలి కొన్నిసార్లు అలాగే ఉండిపోతుంది, దాంతో ఏ కారైనా గట్టిగానే అనిపిస్తుంది. రెండు కార్లూ ఒకే రోజు, ఒకే దారిలో, మోడ్ కంఫర్ట్‌లో. వీలైతే అమ్మగారిని వెనక సీట్లో ఎడమవైపు కూర్చోబెట్టండి, మన రోడ్లకి గుంతలు ఎక్కువ ఉండేది ఆ అంచునే. మీరు కూడా ఒక రౌండు స్టీరింగ్ సేల్స్ అబ్బాయికిచ్చి ఆవిడ పక్కన కూర్చోండి.