బ్రిటన్ షెఫ్ గోర్డన్ రామ్సేకి అన్నేసి రెస్టారెంట్లు ఉన్నాయి కదా, మరి వంట ఎవరు చేస్తారు?

రోజూ గరిటె పట్టేది ఆయన కాదు. ఒకే ముహూర్తానికి మూడు పెళ్లిళ్లు ఒప్పుకున్న వంట మేస్త్రి ఏం చేస్తాడు? నమ్మకమైన మనిషిని ఒక్కో చోటికి పంపిస్తాడు. ఇదీ అంతే.

రామ్సే కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆటగాడు కావాలనుకున్నారు, మోకాలి దెబ్బతో ఆ దారి మూసుకుపోయింది. లండన్‌లో మార్కో పియెర్ వైట్ అనే షెఫ్ దగ్గర, తర్వాత పారిస్‌లో పని నేర్చుకుని, 1998లో లండన్ చెల్సీలో సొంత పేరుతో రెస్టారెంట్ తెరిచారు. 2001లో దానికి మూడు మిషెలిన్ స్టార్లు వచ్చాయి, మిషెలిన్ గైడ్ రెస్టారెంట్లకు ఇచ్చే అత్యున్నత గుర్తింపు అది. ఆ తర్వాత పొయ్యి దగ్గర పని తగ్గి, మనుషుల్ని ఎంచుకునే పని పెరిగింది. నా లెక్కలో ఆయన అసలు నేర్పు అదే. 2007లో ఆ వంటగదిలో హెడ్ షెఫ్ అయిన క్లేర్ స్మిత్ మూడు స్టార్లనూ నిలబెట్టారు. 2017లో ఆమె సొంతంగా 'కోర్' అనే రెస్టారెంట్ పెట్టుకున్నారు, 2021లో దానికీ మూడు తెచ్చుకున్నారు.

ఇలాంటి వంటగదుల్లో రోజువారీ అదుపంతా 'పాస్' దగ్గర ఉంటుంది. అంటే వంటగది నుంచి పళ్లేలు బయటికెళ్లే గట్టు. హెడ్ షెఫ్ అక్కడ నిలబడి ఆర్డర్ చీటీ చదువుతారు, చెంచాతో సాస్ రుచి చూస్తారు, పళ్లెం అంచున పడ్డ చుక్కను గుడ్డతో తుడిచాకే సర్వర్ చేతికిస్తారు. ఉప్పు తగ్గితే పళ్లెం వెనక్కే.