క్యాచ్ క్యాన్ కొనే ముందు ఆయిల్ మూత విప్పి చూడండి

ప్రశ్న: నాది డీజిల్ ఎస్‌యూవీ, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. మొన్న సర్వీసులో ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది) పైపు విప్పితే లోపల ఆయిల్ కనబడింది. మెకానిక్ ఆయిల్ క్యాచ్ క్యాన్ (ఇంజన్ నుంచి పొగతో వచ్చే ఆయిల్‌ని పట్టి ఆపే డబ్బా) పెట్టించుకోమంటున్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే చవకవి, ఖరీదైనవి బోలెడున్నాయి. ఏది కొనాలి, ఎలా బిగించాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: డబ్బు పెట్టే ముందు ఒక పని చేయండి. ఇంజన్ బాగా వేడెక్కాక, ఐడిల్‌లో నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత విప్పి (చేతికి గ్లవ్ వేసుకోండి, ఆయిల్ చిట్లుతుంది), దాన్ని తిరగేసి ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టండి. మూత కాస్త అదిరి, సన్నగా ఆవిరి వస్తే డీజిల్ ఇంజన్‌కి అది మామూలే. ఎగిరి పక్కన పడి, గుప్పుగుప్పున పొగ వస్తుంటే మాత్రం మన షెడ్లలో అనే 'బ్యాక్ కంప్రెషన్' గట్టిగా కొడుతోందన్నమాట, అంటే పిస్టన్ రింగులో సిలిండర్ బోరో అరిగి మండిన గ్యాసు కిందికి జారుతున్నట్టు. అప్పుడు క్యాన్ పెడితే ఆయిల్ డబ్బాలోకి పోతుంది తప్ప జబ్బు తగ్గదు. కంప్రెషన్ టెస్ట్ చేయించండి. టర్బో షాఫ్ట్‌లో ఆట ఉందేమో కూడా చూడమనండి, ఎందుకంటే ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ మడుగు కడితే అది టర్బో సీలు పని కావచ్చు. పైపు లోపల పల్చగా జిడ్డు ఉంటే కంగారు అక్కర్లేదు.

అసలు ఆ జిడ్డు ఎక్కడిదంటారా? రింగులు ఎంత కొత్తవైనా మండిన గ్యాసు కొంచెం పిస్టన్ పక్కనుంచి కిందికి, క్రాంక్‌కేస్‌లోకి (ఇంజన్ అడుగు భాగం) జారుతుంది. అక్కడ చిలికే ఆయిల్‌ని పొగమంచులా మోసుకుని ట్యాపెట్ కవర్ మీది బ్రీదర్ పైపు గుండా బయటికొస్తుంది. పాత రోజుల్లో దాన్ని ఒక గొట్టం పెట్టి నేరుగా రోడ్డు మీదికి వదిలేసేవాళ్లు. పొగమబ్బులతో విసిగిపోయిన కాలిఫోర్నియాలో 1961 మోడళ్ల నుంచి దాన్ని మళ్లీ ఇంజనే పీల్చుకునే ఏర్పాటు వచ్చింది, తర్వాత మిగతా ప్రపంచానికీ పాకింది. మీ బండిలో ఆ బ్రీదర్ టర్బో ముందున్న గాలి పైపులో కలుస్తుంది. ఆయిల్ తుంపర టర్బో, ఇంటర్‌కూలర్ దాటి ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) చేరుతుంది, అక్కడ ఈజీఆర్ (మండిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) నుంచి వచ్చే మసితో కలిసి తారులా గడ్డకట్టి దారి ఇరుకు చేస్తుంది. క్యాచ్ క్యాన్ మధ్యలో కూర్చుని ఆయిల్‌ని ఆపుతుంది, మసిని ఆపదు. కాబట్టి మ్యానిఫోల్డ్ క్లీనింగ్ వాయిదా పడుతుంది, పూర్తిగా తప్పదు. ఇంజన్ లైఫ్ రెట్టింపు అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక కొనడం. మరీ చవకవాటిలో చాలా వరకు ఖాళీ డబ్బాలే. పైన రెండు గొట్టాలు పక్కపక్కనే ఉంటాయి, పొగ ఇటునుంచి వచ్చి అటునుంచి పోతుంది, మెరుపు తప్ప లోపల ఏమీ ఉండదు. మూత విప్పగలిగేదై, లోపల అడ్డుపలక, స్టీలు మెష్ ఉండి, అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉన్నది తీసుకోండి. అర లీటరు సైజు చాలు. అన్నిటికంటే ముఖ్యం గొట్టం లోపలి కొలత. కంపెనీ బ్రీదర్ పైపు కంటే సన్నం ఉండకూడదు. దారి బిగుసుకుంటే క్రాంక్‌కేస్‌లో ప్రెషర్ పెరిగి క్రాంక్ సీలు కారడం మొదలవుతుంది, టర్బో నుంచి కిందికి దిగాల్సిన ఆయిల్ కూడా వెనక్కి తన్ని సైలెన్సర్‌లో నీలం పొగ వస్తుంది. లేని రోగం కొనుక్కున్నట్టే. పైన చిన్న ఫిల్టర్ పెట్టి గాలిలోకి వదిలే రకం అసలు వద్దు: కాలుష్యం, పైగా ఏసీ వేస్తే క్యాబిన్‌లోకి ఆ కంపు.

బిగించేటప్పుడు టర్బోకి, ఎగ్జాస్ట్‌కి దూరంగా, గాలి తగిలే చోట చూడండి. చల్లగా ఉంటేనే ఆవిరి ఆయిల్‌గా మారేది. బ్రీదర్ నోటికంటే క్యాన్ కిందుండాలి, పైపు మధ్యలో ఊయలలా వేలాడకూడదు, వేలాడితే ఆ వంపులోనే ఆయిల్ నిలుస్తుంది. బ్రాకెట్ బాడీకి బిగించి, ఇంజన్ ఊగడానికి పైపులో కాస్త వదులు ఇవ్వండి. హోస్ ఆయిల్ తట్టుకునే నైట్రైల్ రబ్బరుదే కావాలి. షెడ్డులో చేతికందిన రేడియేటర్ హోస్ ముక్క వేస్తే కొన్నాళ్లకి ఉబ్బి మెత్తబడి, పీల్పుకి నొక్కుకుపోతుంది. క్యాన్ నుంచి టర్బో వైపు వెళ్లే పైపు క్లిప్పులు మరీ జాగ్రత్త. ఆ చోటు ఎయిర్ ఫిల్టర్ తర్వాత వస్తుంది కాబట్టి అక్కడ సందు ఉంటే మన రోడ్ల దుమ్ము నేరుగా టర్బోలోకే. కంపెనీ పైపు కోయకుండా విప్పి దాచండి. వారంటీ ఇంకా ఉంటే మాత్రం షోరూంలో అడగకుండా ముట్టుకోవద్దు, రేపు టర్బో పోతే ఈ క్యాన్‌నే చూపిస్తారు.

మొదటిసారి వెయ్యి కిలోమీటర్లకి మూత తీసి ఎంత చేరిందో చూసుకుంటే తర్వాత ఎప్పుడు ఖాళీ చేయాలో మీకే తెలుస్తుంది. మర్చిపోయి నిండనిచ్చారంటే ఆయిల్ అంతా ఒక్కసారిగా టర్బో పీల్చుకునే ప్రమాదం ఉంది. డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా మండించుకుంటుంది, తాళం తీసేసినా ఆగదు, ఆర్‌పీఎం పెరుగుతూనే పోతుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, నిజంగా జరిగేదే. చేరిన ఆయిల్‌ని మళ్లీ ఇంజన్‌లో పోయకండి. అందులో నీళ్లు, మసి, మండని డీజిల్ ఉంటాయి. మురిక్కాలవలో కూడా పోయకుండా పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇచ్చేయండి.

ప్రశ్న: నాది టర్బో లేని పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాకూ పెట్టించుకోమంటారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వద్దండీ. మీలాంటి బండ్లలో ఎక్కువ శాతం ఇంజెక్టరు వాల్వు వెనకాలే పెట్రోల్ చల్లుతుంది, దాంతో వాల్వులు ఎప్పటికప్పుడు కడిగినట్టే ఉంటాయి. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ అయితే ఆ కడుగుడు ఉండదు, అక్కడ క్యాన్‌కి అర్థం ఉంది. ఆ ఇంజన్లలో బ్రీదర్ పొగకి మ్యానిఫోల్డ్‌లోకి ఒక దారి, టర్బో ముందుకి ఇంకో దారి ఉంటాయి. ఒకదానికే పెట్టి ఊరుకుంటే సగం పనే. మీరు ఆ డబ్బుతో మంచి ఆయిల్ పోయించుకోండి.

ప్రశ్న: చలికాలంలో క్యాన్ విప్పితే తెల్లటి క్రీములాంటిది ఉంది. హెడ్ గ్యాస్కెట్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, చికాగో

జవాబు: గ్యాస్కెట్ పోతే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుంది, మరి కూలెంట్ తగ్గుతోందా? తగ్గకపోతే అది నీటి ఆవిరి ఆయిల్‌తో కలిసి చేసిన నురగే. చలిలో పది నిమిషాల ప్రయాణాలు చేస్తే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, తడి అలాగే ఉండిపోతుంది. మీ దగ్గర అసలు ముప్పు అది గడ్డకట్టి దారి మూసేయడం. గట్టి చలి ఉన్న నెలల్లో వారం వారం ఖాళీ చేయండి, అంత ఓపిక లేకపోతే క్యాన్ తీసేసి కంపెనీ పైపు తగిలించండి.

ప్రశ్న: మా నాన్నగారి పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ బ్రీదర్ నుంచి ఆయిల్ కక్కుతోంది. పెద్ద క్యాన్ పెట్టనా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: ముందు ఆయిల్ ఎంత పోశారో చూడండి, చాలామంది గేజ్ దాటించి పోసేస్తారు. ఎక్కువ రోజులు నిలిపిన బండి అయితే ఆయిల్ ట్యాంకులోని ఆయిల్ మెల్లగా కింద క్రాంక్‌కేస్‌లోకి దిగి, కిక్ కొట్టగానే బ్రీదర్‌లోంచి వస్తుంది. కాసేపు నడిస్తే సర్దుకుంటుంది. రెండూ కాకపోతే బ్రీదర్ చివర బాతు ముక్కులాంటి రబ్బరు వాల్వు ఉంటుంది, అది చీలిందేమో చూడండి. అది గాలిని బయటికే వదలాలి, లోపలికి రానివ్వకూడదు. గట్టిపడి నోరు తెరుచుకుంటే ఎంత పెద్ద డబ్బా పెట్టినా అదీ నిండుతుంది, కొత్త వాల్వు వేయిస్తే చాలు.